వంగపువ్వు రంగు

కర్మన్‌ఘాట్,
శనివారం పొద్దున.

చి.ల.సౌ. రాధమ్మకు శంకరయ్య ఆశీస్సులతో రాసేది. ఇక్కడ మేమందరం క్షేమం. అందరం అంటే ఎవరని అడుగుతావేమో, నేనూ, నువ్వు వదిలిపెట్టి వెళ్ళిన కుక్కరూ. షోలాపూర్‌లో అత్తమ్మ, మీ తమ్ముడు విజయ్‌కుమార్, అతని ఇంటివాళ్ళు అందరూ బాగున్నారని తలుస్తాను. అత్తమ్మ వాకర్ పట్టుకుని వాకిలి దాకా నడుస్తోందని రాశావు. తుంటి ఎముక విరిగిన మనిషి ఐదు నెలల్లో లేచి నడిచిందంటే ఆ పుణ్యమంతా నీ చేతులదే. ఆమెకు నా దండాలు చెప్పు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఫోన్‌లో చెబితే మన సంతోషి ఎప్పటిలాగే నవ్వింది. "నాయినా, గీ రోజుల్ల ఉత్తరాలు రాసుకునే మొగుడు పెండ్లాలు మీరిద్దరే ఉన్నరు. అమ్మకు వాట్సాప్ నేర్పిస్తనంటే వినకపాయె," అంది. దానికేం తెలుసు. నీకు వినపడాలని నేను ఫోన్‌లో అరిస్తే వీధి చివర కిరాణా సైదులు కూడా జవాబు చెబుతాడు. పోయిన నెల "అన్నం తిన్నవా" అని నిన్ను అడిగితే, వాడు అక్కడి నుంచి "తిన్న పెద్దనాయినా" అన్నాడు. ఉత్తరమైతే ఆ గొడవ లేదు. నింపాదిగా రెండుసార్లు చదువుకోవచ్చు. కోపమొస్తే మడిచి పక్కన పెట్టొచ్చు. ఈసారి నీకు ఆ అవసరం పడవచ్చు.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. తింటున్నాను. ఆదివారం ఆదివారం సంతోషి సరూర్‌నగర్ నుంచి వచ్చి రెండు కూరలు చేసి ఫ్రిజ్‌లో పెట్టి పోతోంది. మిగతా రోజులు నేను చేసే పప్పు నేనే తింటున్నాను, ఇంకెవరికీ ఆ శిక్ష వేయలేదు. ఓనరు గారి పైవాటాలోకి కిరాయికి ఇంకా ఎవరూ రాలేదు. బీపీ గోలీలు మర్చిపోవడం లేదు.

నాలుగో ప్రశ్న ఒకటి అడిగావు. "పోయిన ఉత్తరంల ఒక లైను మీద ఇంకో లైను ఎక్కింది. నీ కండ్లు మంచిగున్నయా?" అని. ఇప్పుడు మంచిగనే ఉన్నాయి, ముందు ఆ మాట పట్టుకో. మిగతాది కింద రాస్తాను.

ఐదోది ప్రశ్న కాదు. ఉత్తరం చివర, ఉండబట్టలేక రాసినట్టు రాశావు. "అమ్మకు నిమ్మళమైనా ఇంకొన్నాళ్ళు ఈడనే ఉంట. ఆడికొచ్చి చేసేదేముంది? నేను చెప్పేది నీకు పట్టదు, నువ్వు చెప్పేది నాకు వినవడదు." ఆ కాగితాన్ని నాలుగు రోజులు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. దుకాణంలో పని చేస్తూ మధ్యమధ్య తీసి చూసుకున్నాను. నువ్వు కోపంతో రాసి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. చల్లగా, నిజం చెప్పినట్టు రాశావు. ఆ మాటకే ఈ ఉత్తరమంతా.

దుకాణం నుంచి మొదలుపెడతాను. ఇరవై రెండేళ్ళుగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ మ్యాచింగ్ సెంటర్లో నా పని ఒక్కటే. ఆడవాళ్ళు చీర తెస్తారు. దానికి సరిపోయే జాకెట్ ముక్క, లంగా, ఫాల్, దారం వెతికి ఇవ్వాలి. ట్యూబులైటు కింద కనిపించే రంగుని నేను ఏనాడూ నమ్మలేదు. చీర కొంగు, జాకెట్ ముక్క రెండూ పట్టుకుని ఫుట్‌పాత్ మీదికి వచ్చి, పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి, ఒకసారి కళ్ళు మూసి తెరిచి, అప్పుడు ఔనో కాదో చెబుతాను. మా నాయన రంగు కాగు పక్కన నూలు ఆరేస్తూ నేర్పిన పద్ధతి అది. "శంకరయ్య బయటికి తీసుకుపోయి చూశాడంటే ఇంక తిరుగులేదు" అని పేరు తెచ్చుకున్నాను. ఆ పేరంటే నాకెంత మురిపెమో నీకంటే ఎక్కువ ఎవరికి తెలుసు.

అయితే రెండు మూడేళ్ళుగా ముక్కలు వాపసు రావడం మొదలైంది. ఒకటొస్తే మిల్లు వాళ్ళ తప్పన్నాను. నాలుగొస్తే మెట్రో మీద పెట్టాను. నెత్తి మీద వంతెన పడ్డాక వెలుతురు చచ్చిపోయింది, నీడలో రంగు ఎట్లా తెలుస్తుందన్నాను. మా యజమాని మురళీకృష్ణ గారు నెమ్మదస్తుడు కదా, నవ్వి ఊరుకున్నాడు. "మెట్రో వచ్చి ఏడేళ్ళు దాటిందండీ, నీడ ఇప్పుడే పడిందా?" అని మాత్రం అన్నాడు. లోపల కొత్త లైట్లు పెట్టించాడు. ఆ లైట్లు రంగుని తినేస్తున్నాయన్నాను. ఆడలేక మద్దెల ఓడు అని ఊరికే అనలేదు పెద్దలు.

పోయిన నెల సూర్యప్రభ గారు వచ్చారు. కొత్తపేటలో ఉంటారు, గుంటూరు వైపు వాళ్ళు, పదేళ్ళుగా మన దుకాణానికి తప్ప ఇంకోచోటికి పోరు. కూతురు తేజస్వినికి నిశ్చితార్థం. తాను కట్టుకోవడానికి బచ్చలిపండు రంగు పట్టుచీర తెచ్చారు. నేను మామూలుగా బయటికి పోయి, చూసి, ముక్క కోసి ఇచ్చాను. ఆ అమ్మాయి పక్కనే ఉంది. "అమ్మా, ఇది కాఫీపొడి రంగులా ఉందే," అంది. సూర్యప్రభ గారు కసురుకున్నారు. "నీకేం తెలుసు, శంకరయ్య గారు బయటికి తీసుకెళ్ళి చూసి మరీ ఇచ్చారు." నేనూ కొంచెం నవ్వాను, చిన్నపిల్ల ఏదో అందిలే అన్నట్టు.

పన్నెండు రోజుల తర్వాత ఆమె ఒక్కరే వచ్చారు, చేతిలో ఆ చీర, కుట్టించిన జాకెట్టు. గొడవ పెట్టుకోలేదు. "ఒకసారి బయటికి రండి" అని నన్నే ఫుట్‌పాత్ మీదికి తీసుకుపోయారు. జాకెట్టు చేతిని చీర మడత మీద పెట్టారు.

"ఇప్పుడు చెప్పండి. ఈ రెండూ ఒకటేనా?"

"ఒకటే కదమ్మా," అన్నాను. మొండికేసి అనలేదు రాధమ్మా, నిజంగా నాకు ఒకటే రంగు కనపడింది.

ఆమె నా మొహం వంక చాలాసేపు చూశారు. "ఫోటోలు చూసి మా వాళ్ళంతా అడిగారండి, ఇదేం జత అని. మా పిల్ల ముందే చెప్పింది. నాకూ తేడా కనిపించింది. మీరిచ్చారు కదా అని నా కళ్ళదే తప్పనుకున్నాను. మీరు ఒకసారి చూపించుకోండి, శంకరయ్య గారూ. ఇంకేమీ అనుకోకండి," అన్నారు.

తిట్టి ఉంటే తిరిగి ఒకటి అనేవాణ్ణి. "నా కళ్ళదే తప్పనుకున్నాను" అన్న మాట మాత్రం ముల్లులా దిగింది. అదే మాట అంతకుముందు ఇంకొకరి నోట విన్నాను. ఎవరి నోటో అప్పుడే గుర్తొచ్చింది. గుర్తొచ్చినా ఈ పేజీలో రాయడానికి ధైర్యం చాలడం లేదు, పేజీ తిప్పాక రాస్తాను.

ఆ సాయంత్రం మురళీకృష్ణ గారికి నేనే చెప్పాను. మెట్రో కాదు సార్, నా కండ్లే, అన్నాను. "ముందు డాక్టరు దగ్గరికెళ్ళండి, మిగతాది తర్వాత చూద్దాం," అన్నాడు. నన్ను కౌంటర్ నుంచి తీసి దారాల దగ్గర కూర్చోబెట్టాడు. న్యాయమే. మళ్ళీ కౌంటర్ ఇస్తాడో లేదో నాకు తెలియదు. పేరు పోవడం అంటే పెద్ద చప్పుడు అవుతుందనుకున్నాను, ఒక స్టూలు మీద నుంచి లేచి ఇంకో స్టూలు మీద కూర్చోవడమే.

సంతోషి నన్ను ఎల్బీనగర్ దగ్గర కంటి దవాఖానకు తీసుకుపోయింది. రెండు కళ్ళకూ మోతిబిందు, శుక్లాలంటారే అవే, బాగా ముదిరి గోధుమరంగుకు వచ్చిందంది డాక్టరమ్మ. "ఎన్నేళ్ళుగానో మీరు లోకాన్ని టీ డికాక్షన్లోంచి చూస్తున్నారు. నీలాలు, వంకాయ రంగులు ముందు పోతాయి. మెల్లమెల్లగా పోతాయి కాబట్టి పోయినట్టు తెలియదు," అంది. దగ్గరి అద్దాలు లేకుండా పేపరు చదువుతున్నానని, అరవై నాలుగేళ్ళకు చూపు వెనక్కొచ్చిందని నేను వీధిలో గొప్పలు పోయాను, నీకు గుర్తుందా? అది కూడా మోతిబిందు పనేనట. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన అని ఎంతమందిని వెక్కిరించి ఉంటానో.

ఆపరేషన్ అనగానే మా నాయన గుర్తొచ్చాడు. ఆయన సంగతి నీకు తెలుసు. బడిలో పెట్టిన క్యాంపులో కోయించుకుంటే చీము పట్టి ఆ కన్ను పోయింది. ఆ తర్వాత కాగు పక్కన కూర్చుని, రంగు ఎంత మరిగిందో వాసన పట్టి చెప్పేవాడు. నేను కూడా అట్లా అయిపోతానేమోనని భయపడ్డాను. నీకు చెబితే ఆ పూటే బస్సెక్కుతావు. అత్తమ్మ అప్పటికింకా మంచం దిగలేదు. అది ఒక కారణం. అసలు కారణం సిగ్గు. కళ్ళు లేని శంకరయ్యను నీకు చూపించబుద్ధి కాలేదు. సంతోషితో ఒట్టు వేయించుకున్నాను. అది ఒట్టు వేసింది కానీ, "అమ్మకు నువ్వే చెప్పాలె, పూరా చెప్పాలె," అంది. పోయిన ఉత్తరం ఆ రోజుల్లో రాసిందే. లైను మీద లైను ఎక్కిందంటే అందుకు.

కుడికన్ను ఆపరేషనై ఇవాళ్టికి పదకొండు రోజులు. పావుగంట పట్టింది. మర్నాడు పట్టీ తీశారు. ఎదురుగా ఉన్నది దవాఖాన గోడ, అంతే. అది తెల్లగా ఉంది. తెలుపంటే అంత తెలుపని నాకు గుర్తు లేదు. సంతోషి పక్కన నిలబడి "ఏమన్న కనవడ్తుందా నాయినా," అంటే, "గోడ," అన్నాను. దానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంటికి ఆటోలో వచ్చాం. రింగ్‌రోడ్డు మీద ట్రాఫిక్ ఆగితే తిట్టుకునే మనిషిని, ఆ రోజు ఆగిన ప్రతిసారీ సంతోషపడ్డాను. ఈ ఊళ్ళో ఇంత నీలం ఎక్కడ దాచిపెట్టారు? పండ్ల బండి మీద కప్పిన కవరు నీలం. నీళ్ళ డ్రమ్ములు నీలం. ఇల్లు కడుతున్నచోట పరదా నీలం. బడి నుంచి వచ్చే ఆడపిల్లల లంగాలు నల్లవనుకున్నాను ఇన్నాళ్ళూ, అవి ముదురు నీలం. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఎత్తేశాక ఈవైపు మంచి ద్రాక్ష రావడం లేదని ఎన్నిసార్లు అన్నాను నీతో. ద్రాక్ష బాగానే ఉంది. కర్మన్‌ఘాట్ గుడి ముందు ఆగి దండం పెట్టుకున్నాను. హనుమంతుడి సిందూరం ఒక్కటే ఎప్పటిలా ఉంది, అది నా కంటిని నమ్ముకున్నది కాదు.

ఇంటికొచ్చి పాలు పెడదామని పొయ్యి వెలిగించాను. మంట చూసి అలాగే నిలబడిపోయాను. చుట్టూ చిన్న చిన్న నీలం రెక్కలు, కొసకు వచ్చేసరికి ఉన్నాయో లేవో అన్నట్టు. నలభై ఏళ్ళుగా మన ఇంట్లో రోజూ పొద్దునా సాయంత్రం వెలుగుతున్నదే. మొన్నటిదాకా మంట సరిగా కనపడక, సిలిండర్లో గ్యాస్ సరిగా లేదని డెలివరీ ఆయనతో తగువు పెట్టుకున్నాను. పాలు పెట్టడం మరిచి ఎంతసేపు చూశానో, చివరికి సంతోషి వచ్చి, "నాయినా, గ్యాస్ అయిపోతది," అంది.

తర్వాత అన్నం. కంచంలో తెల్లగా ఉంది. ఏడాదిగా సైదులు పాత బియ్యం అంటగడుతున్నాడని, పసుపు తేలిందని నేను చేసిన రాద్ధాంతం నీకు తెలుసు. వాడు మూడుసార్లు బస్తా మార్చాడు పాపం. వాడి దగ్గరికి పోయి చెప్పాను. "మా అవ్వకు గూడ గిట్లనే అయింది పెద్దనాయినా, ఆమె నన్ను దొంగ అన్నది. నువ్వు గంత మాట అనలేదు," అన్నాడు. వాడిది పెద్ద మనసు.

నా తెల్లచొక్కాలు ఆరేసి ఉంటే చూశాను. తెల్లగా ఉన్నాయి. నువ్వు వెళ్ళకముందు ఉతికి మడత పెట్టిపోయిన చొక్కాలు కూడా తీసి చూశాను. అవీ తెల్లగానే ఉన్నాయి. ఉతకడం రాదని, పిండడం రాదని, మూడు సబ్బుపొడులు మార్పించాను నీతో. ఒకసారి నువ్వు ఏమీ అనకుండా చొక్కా మళ్ళీ నానబెట్టావు. ఆ చొక్కా ఏదో నాకు తెలియదు కాబట్టి అన్నింటినీ తిప్పి తిప్పి చూశాను.

ఇక పేజీ తిప్పాను, చెప్పాల్సింది చెబుతాను.

రెండేళ్ళ కింద విజయ్‌కుమార్ పెద్దకూతురి పెళ్ళికి చీర కోసం పోచంపల్లి పోయాం. వాళ్ళు ఇరవై చీరలు పరిచారు. నువ్వు ఒకదాని మీద చేయి వేసి తీయలేదు. ఆ చేయి నాకు ఇప్పటికీ గుర్తుంది.

"వంగపువ్వు రంగు. ఎంత మంచిగుందో చూడు," అన్నావు.

"వంగపువ్వు కాదు, బూడిద. కట్టుకుంటే రోగమొచ్చినదాని లెక్క కనవడ్తవు," అన్నాను.

"గదేంది, నాకు వంగపువ్వు లెక్కనే కనవడ్తుంది."

"నలభై ఏండ్లు రంగుల్ల బతికినోన్ని. నాకు చెప్తవా నువ్వు?"

అక్కడున్నవాళ్ళు నవ్వారు. చీరలు చూపించే ఆయనకు అది ఏ రంగో తెలియకుండా ఉంటుందా? శంకరయ్యతో ఎందుకు పెట్టుకోవాలని ఊరుకున్నాడు. నువ్వు ఆ చీర వంక ఇంకోసారి చూశావు. చిన్నప్పటి నుంచి మీ అమ్మ పక్కన కూర్చుని రంగద్దే ముందు నూలుకు చిటికి ముడులు కట్టినదానివి, రంగు నీకు నేను నేర్పాలా? అయినా "గట్లనా, నా కండ్లదే తప్పేమో," అని మడత పెట్టి ఇచ్చేశావు. నేను ఏరిన ఆవపిండి రంగు చీర తెచ్చుకుని ఆ పెళ్ళికి కట్టుకున్నావు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నావు. నీకు వినపడటం లేదేమోననుకుని నేనూ మాట్లాడలేదు.

నిన్న మొన్నటిదాకా దీన్ని పెద్ద సంగతి అనుకోలేదు. ఆపరేషనైన ఐదోరోజు బట్టలు ఆరేయడానికి డాబా మీదికి పోయాను. పాత పెయింటు బకెట్లో నువ్వు పెట్టిన వంకాయ చెట్టు ఉంది కదా, నువ్వు చెప్పి పోయావని రోజూ నీళ్ళు పోస్తూనే ఉన్నాను, ఏనాడూ వంగి చూడలేదు. ఆ రోజు ఆకుల కింద ఒక పువ్వు కనపడింది. తల వంచుకుని ఉంది. వేలితో మెల్లగా పైకెత్తాను. ఐదు రేకులు, నడుమ పసుపు. ఆ రేకుల రంగు ఏమని రాయను. ఇంతకాలం రంగుల మధ్య బతికిన నాకు దానికి ఇంకో పేరు తోచలేదు. వంగపువ్వు రంగు.

కుడికన్ను మూసి ఎడమ కన్నుతో చూశాను. బూడిద. ఎడమది మూసి కుడిదానితో చూశాను. వంగపువ్వు. మళ్ళీ బూడిద. మళ్ళీ వంగపువ్వు. ఎన్నిసార్లు చూశానో, మోకాళ్ళు పట్టేశాయి. అక్కడే కింద కూర్చుని ఏడ్చాను రాధమ్మా. ఆపరేషనయ్యాక తలస్నానం చేయొద్దు, బరువులెత్తొద్దు అని డాక్టరమ్మ కాగితం మీద రాసిచ్చింది. ఏడవొద్దని రాయలేదు.

ఆ చెట్టు మొదటిసారి పూసినప్పుడు నువ్వు డాబా మీది నుంచి నన్ను పిలిచావు. నేను మెట్లెక్కి వచ్చి, "గీ బూడిద పువ్వుకా నన్ను పైకి రమ్మన్నవు," అన్నాను. అంతకుముందు ఆకాశం చూడమని పిలిచేదానివి. "ఏముంది, దుమ్ము" అనేవాణ్ణి. వాన వెలిసినప్పుడు పిలిచేదానివి. ఎదురింటి డాబా మీద ఆరేసిన చీరలు గాలికి లేస్తుంటే పిలిచేదానివి. ప్రతిదానికీ ఒక పుల్లవిరుపు మాట నా దగ్గర సిద్ధంగా ఉండేది. ఒకనాడు పిలవడం మానేశావు. ఏనాడు మానేశావో నాకు తెలియదు. పిలిచిన రోజులు గుర్తుంటాయి కానీ పిలవడం ఆగిన రోజు ఎవరికి గుర్తుంటుంది?

నీకు వినపడదని నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో నాకే తెలుసు. నాకు కనపడకపోతే మాత్రం, నీకే కనపడటం లేదని నిన్ను నమ్మించాను. సూర్యప్రభ గారి జాకెట్టు ఒక్క రోజు సంగతి. నీ కళ్ళను నువ్వే నమ్మకుండా చేయడం రెండేళ్ళ సంగతి. అది మోతిబిందు చేసింది కాదు, నేను చేశాను. అందుకే క్షమించమని అడుగుతున్నాను. నలభై ఒక్క ఏళ్ళలో ఈ మాట నిన్ను ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు కూడా ఉత్తరం కాబట్టి అడగగలుగుతున్నాను. నేను చెప్పేది నీకు పట్టదు అని రాశావే, నిజం. పట్టలేదు.

సంతోషి ఫోన్‌లో ఆ పెళ్ళి ఫోటోలు చూశాను, కొత్త కన్నుతో. ఆవపిండి రంగు నీకు అస్సలు నప్పలేదు. నీ మొహం చూశాను. చెంపల దగ్గర వెంట్రుకలు ఎప్పుడు నెరిశాయి? అవి కూడా తెల్లగానే ఉన్నాయి. నేను పక్కనే ఉండి ఈ రెండేళ్ళూ చూడలేదు.

అంతా కంటి తప్పేనని కూడా అనుకోకు. దుమ్ము నిజంగానే ఉంది. సరూర్‌నగర్ చెరువు కంపు అట్లాగే ఉంది, దానికి కంటితో పని లేదు. ఫ్యాన్ రెక్కల మీద మసి, నేను శుభ్రంగా తోమాననుకున్న గిన్నెలకు జిడ్డు, అద్దంలో నా మొహం, ఇవన్నీ కొత్త కన్ను దయ తలచకుండా చూపిస్తోంది. అయినా పొద్దున లేస్తూనే ఇవాళ ఏం కనపడుతుందో అని ఒక ఆత్రం. దారాల దగ్గర కూర్చుంటే నీలాలే పద్నాలుగు రకాలున్నాయి. మునుపు వాటిని రీలు మీది నంబరు చూసి తీసేవాణ్ణి, ఎవరికీ చెప్పకుండా. లోకం పాతబడిపోయింది, ఇంక చూడటానికేం మిగల్లేదని అనుకుంటూ ముసలివాణ్ణవుతున్నాను. పాతబడింది కంట్లో పెసరబద్దంత ముక్క. ఇంకా చూడనివి చాలా ఉన్నాయనే ఆశ ఈ వయసులో కలిగింది, అది చిన్న సంగతి కాదు.

రెండో కన్ను వచ్చే నెల ఇరవయ్యో తేదీన. సంతోషి సెలవు పెట్టింది. ఇప్పుడు నాకు భయం లేదు. కన్ను సాకు పెట్టి నిన్ను రమ్మనడం లేదు, ఆ తెలివి నేను వాడను.

ఇంకొక్క సంగతి. మన ఇంటి ఓనరు వెంకట్రావు గారు పోయినవారం నుంచి ఇళ్ళకు రంగులు వేయిస్తున్నారు. మన వాటాలో పాత రంగు గీకి, తెల్ల సిమెంటు పూసి ఆపారు. ఏ రంగు కావాలో చెప్పమని షేడ్ కార్డు ఇచ్చారు. నేను చెప్పలేదు. నిన్న మళ్ళీ వచ్చారు.

"రంగుల మాస్టారు మీరే ఇంత ఆలస్యం చేస్తే ఎలాగండీ? పెయింటరు మళ్ళీ దొరకడు."

"మా ఇంటామెకు రాసి కనుక్కుంట సార్. జర ఆగండ్రి."

"మీరుండగా రంగు సంగతి ఆవిడనడగడం ఏంటండీ?"

"ఆమెకు మంచిగ కనవడ్తది సార్," అన్నాను. ఆయన నా వంక వింతగా చూసి, పది రోజులు గడువిచ్చి పోయారు.

ఆ కార్డు ఈ ఉత్తరంతో పాటు కవర్లో పెడుతున్నాను. ముందు గదికి, పడకగదికి, వంటింటికి మూడు టిక్కులు పెట్టి పంపు. నాకు నచ్చినవాటి మీద గుర్తులేమీ పెట్టలేదు. ఎక్కడైనా గీత కనపడితే అది పెయింటరు గోటిది. పెయింటరు చేత సామానంతా గది నడుమకు జరిపించి దుప్పట్లు కప్పాను, వరండాలో మంచం వేసుకుని పడుకుంటున్నాను, ఇబ్బందేమీ లేదు.

ఎప్పుడొస్తావని అడగను. అత్తమ్మ దగ్గర ఎన్నాళ్ళుండాలో నీకు తెలుసు, ఇక్కడికి రావాలో వద్దో కూడా నీకే తెలుసు. నువ్వు రావాలని మాత్రం నాకు చాలా ఉంది. ఆ మాట రాయకుండా కవరు అంటిస్తే ఇంకొకటి దాచిపెట్టినట్టే అవుతుంది. వచ్చినా రాకపోయినా ఈ ఇంటి గోడలకు నువ్వు చెప్పిన రంగే పడుతుంది. నా కంటికి అది ఏ రంగుగా కనపడినా సరే.

ఇట్లు,
ఒక కొత్త కన్నుతో, ఒక పాత కన్నుతో,
సంతోషి నాయిన
శంకరయ్య